తొమ్మిదో నెల నిండకముందు

ఇంట్లో పోచమ్మ తల్లి ఉన్నన్ని రోజులు పోపు పెట్టకూడదు. నూనె చిటపటమంటే ఆమెకు కోపం. కూర ఉడికించి, ఉప్పు వేసి దించడమే. చీపురు చప్పుడు కాకుండా ఊడ్వాలి. తల దువ్వుకోకూడదు. ఉతికిన బట్టలు దులపకూడదు. గడపకు రెండు పూటలా పసుపు రాయాలి, వేపమండలు వాడకముందే మార్చాలి. అన్నం తెల్లవారగానే వండి, పళ్లెంలో ఆరబోసి, వెచ్చదనం పూర్తిగా పోయాక పెరుగు కలపాలి. మా అత్త పూలమ్మ మంచం మీద కూర్చుని ఇవన్నీ ఒక్కటొక్కటే చెప్పేది, నేను చేసేదాన్ని. ఏదైనా జరిగితే, చేసినదాంట్లో ఏ లోపం జరిగిందని వెతుకుతారే కానీ చెప్పినదాంట్లో ఎవరూ వెతకరు.

ఆ ఏడు మేడారం జాతరకు పోయి వచ్చిన పదిహేను రోజులకు మా దీపకు జ్వరం వచ్చింది. దానికప్పుడు నాలుగేళ్లు. కళ్లు ఎర్రబడి, ముక్కు కారుతూ, ఆగని దగ్గు. నాలుగో రోజు, ఆదివారం పొద్దున, చెవుల వెనక సన్నగా ఎర్రటి పొక్కులు కనబడ్డాయి. సాయంత్రానికి ముఖమంతా పాకాయి. అత్త దాని నుదుటి మీద చెయ్యి పెట్టి, వెంటనే ఆ చెయ్యి కళ్లకద్దుకుంది. "తల్లొచ్చింది" అంది. "తట్టు పోసింది. కనకా, గడపకు పసుపు రాయి."

మా ఆయన సదానందం బొగ్గుబాయిలో కోల్‌ఫిల్లర్, తట్టలతో బొగ్గు ఎత్తి నింపే పని. ఆ వారం ఫస్ట్ షిఫ్ట్. మధ్యాహ్నం వచ్చి స్నానం చేసి పీట మీద కూర్చుని, పళ్లెం వైపు చూసి, "గీ పప్పుల పోపేదే?" అన్నాడు.

"తల్లి ఉన్నది గదా ఇంట్ల."

"నేను బాయిల దిగి వస్తున్న, గుడికి పోయి వస్తలేను. గిట్ల తింటే రేపు తట్ట లేస్తదా నాకు?"

అత్త కాసేపు ఆలోచించింది. "మొగోనికి ఎనక పెరట్ల కిరసనాయిలు స్టవ్ మీద చెయ్యి. పెరట్ల పోపు పెడితె తల్లికి వినరాదు" అంది. అలా తల్లికి ఒక వంట, ఆయనకు ఒక వంట. రెండు వంటలకూ మనిషిని నేనొక్కదాన్నే. పెరట్లో పోపు వేస్తూ, తల్లికి చెవులు ఇంట్లోనే ఎందుకు పనిచేస్తాయా అనుకున్నాను. అనుకున్నందుకు వెంటనే భయపడి దణ్ణం పెట్టుకున్నాను. నేను ఏడో తరగతి వరకు చదివిన మనిషిని. పోచమ్మను నమ్ముతాను. ఇప్పటికీ నమ్ముతాను. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇది చదివి ఎవరైనా నేను దేవుణ్ణి వదిలేశానని అనుకోవచ్చు. వదల్లేదు. అడుగుతున్నాను, అంతే.

మా అత్తగారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. తల్లి వచ్చిన మూడో రోజు ఐదుగురు పసిపిల్లల్ని పిలిచి, జబ్బు పిల్ల మంచం చుట్టూ కూర్చోబెట్టి, పెరుగన్నం, బెల్లం ముక్క తినిపించాలి. పసివాళ్ల కడుపు చల్లబడితే తల్లి చల్లబడి వెళ్లిపోతుందని. పిలవాల్సింది ఇంటి కోడలు. అడిగిన ఇల్లు కాదనకూడదు. మంగళవారం నాడు పసుపు గిన్నె పట్టుకుని మా క్వార్టర్ల లైన్లో ఇల్లిల్లూ తిరిగాను. నలుగురు దొరికారు. ఐదో పిల్ల కోసం మా పక్కింటి తలుపు తట్టాను.

పక్కింటి కోడలు సారలమ్మ. ఇరవై రెండేళ్లుంటాయి. పుట్టిల్లు కాసిపేట. పెళ్లయిన నాలుగో ఏడు, ఎన్ని మొక్కులకో కొడుకు పుట్టాడు. ఏడు నెలలవాడు. అందరం చిన్నోడు అనే పిలిచేవాళ్లం. నల్లగా నిగనిగలాడేవాడు, నవ్వితే కింద రెండు పళ్లు. సారలమ్మ వాణ్ణి చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కా, వీనికి ఇంక బువ్వ ముట్టియ్యలేదు" అంది.

"ఒక్క మెతుకు నాకిస్తె సాలు. తల్లి దగ్గరనే ముట్టిచ్చినట్లు అయితది, ఇంతకన్న మంచి దినం దొరుకుతదా?"

ఆమె గొంతు తగ్గించింది. "అది గాదక్కా. దీప మస్తు దగ్గుతున్నది. గోడవతల నుంచి వినొస్తనే ఉన్నది. వీడు గింతంత పోరడు, అంటుకుంటదేమో…"

నేను నాలుక కరుచుకున్నాను. "తల్లిని పట్టుకొని అంటుకునుడంటవా? లెంపలేసుకో సారలమ్మా."

లోపలినుంచి ఆమె అత్త ఐలవ్వ కూడా అరిచింది. "ఏందే నీ యవ్వారం? తల్లి పిలిస్తె పంపనంటవా?" సారలమ్మ బిడ్డను ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చేత్తో తన లెంపలు తనే వేసుకుంది. ఒకటి, రెండు. నేను చేతులు చాచాను. వాడు నవ్వుతూ నా దగ్గరికి వచ్చేశాడు. ఎవరి దగ్గరికైనా వచ్చేవాడు.

వాణ్ణి ఒళ్లో పెట్టుకుని దీప మంచం పక్కనే కూర్చున్నాను. కిటికీ మూసి ఉంది, తల్లికి వెలుతురు పడదని. దీప లేచి వాడి బుగ్గ ముట్టుకుంది. దగ్గింది. నేను కొంగుతో దాని మూతి తుడిచి, అదే కొంగుతో వాడి మూతికి అంటిన పెరుగు తుడిచాను. పావుగంటో, ఇరవై నిమిషాలో. తర్వాత వాడి నుదుటికి పసుపు పెట్టి తీసుకెళ్లి సారలమ్మకిచ్చాను. "సూసినవా, ఎట్ల నవ్వుతుండో" అన్నాను.

ఏడో రోజు దీపకు వేపాకు నీళ్లు పోశాము. తేరుకుంది. మా పెద్దవాడు రుత్విక్ ఆ వారమంతా చెల్లెలి మంచంలోనే పడుకున్నాడు, వేరే మంచం లేదు కాబట్టి. వాడికి ఒక్క పొక్కు రాలేదు. "మొగపిల్లగాడు. తల్లి వాన్ని సల్లంగ సూసింది" అని అత్త నలుగురికీ చెప్పుకుంది.

చిన్నోడికి మార్చి మొదట్లో పొక్కులు కనబడ్డాయి.

ఐలవ్వ సంతోషించిందనే చెప్పాలి. మొక్కి కన్న బిడ్డను చూడడానికి తల్లి స్వయంగా వచ్చిందని ఒడిబియ్యం పోసింది. వేపమండలు నేనే కోసుకొచ్చి ఇచ్చాను. మూడో రోజుకు బిడ్డ పాలు తాగడం మానేశాడు. నాలుగో రోజు పక్కటెముకలు లోపలికి పోతూ ఊపిరి తీస్తున్నాడు. "అత్తా, దవాఖానకు పోదాం" అని సారలమ్మ అనడం గోడ అవతలినుంచి నాకు వినిపించింది. "తల్లి ఉన్నంక సూది పొడిపిస్తవా? కండ్లు పోతయి పోరనికి" అని ఐలవ్వ. ఆమె కొడుకు ముత్యం సెకండ్ షిఫ్ట్‌లో ఉన్నాడు. ఐదో రోజు ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టర్ ఊపిరితిత్తుల నిండా నిమ్ము చేరింది, ఇప్పుడా తెచ్చేది అన్నాడట. సాయంత్రం అదే ఆటోలో తిరిగి వచ్చారు. ఆటో ఆగాక కూడా సారలమ్మ దిగలేదు. బిడ్డ ముఖానికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టుకునే ఉంది.

బిడ్డను పూడ్చి వచ్చిన రోజునుంచే మొదలైంది. తల్లి వచ్చి పోతుంది కానీ తీసుకుపోదు, తీసుకుపోయిందంటే ఆ ఇంట్లో మైల జరిగి ఉండాలి. మైల అంటే మళ్లీ కోడలే. ఐలవ్వ ఏడుస్తూ ఏడుస్తూ అదే అడిగేది. "ఏం జేసినవే? నిజం జెప్పు, ఏం జేసినవే నువ్వు?" వచ్చినవాళ్లందరూ సారలమ్మ వైపు చూసేవాళ్లు. మా అత్త ఇంటికొచ్చి నాతో అంది, "పోరి ఏదో తప్పు జేసింది కనకా. తల్లి ఊకెనే తీస్కపోదు." నేను అన్నం కలుపుతున్నాను. అవునన్నట్టే తల ఊపాను. ఆ తల ఊపడం నాకింకా గుర్తుంది.

తర్వాతి బుధవారం నర్సు వచ్చింది. పేరు సుసన్నా. యాభై దాటిన మనిషి. వాళ్ల నాన్న కూడా బాయిలోనే పనిచేసి రిటైరయ్యాడు. ప్రతి బుధవారం అంగన్‌వాడీలో పిల్లలకు సూదులు వేస్తుంది, ఆదివారం చర్చికి పోతుంది. సిస్టరమ్మ అంటాం. బిడ్డ పోయిన సంగతి విని రిజిస్టర్ పట్టుకుని లైనంతా తిరుగుతోంది. మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్లడిగింది.

"ఈ లైన్ల ముందుగాల తట్టు మీ పాపకేనట గదమ్మా. పొక్కులు ఏ దినం కనబడ్డయి?"

"ఆదివారం."

"అటెనక నాలుగు దినాలల్ల పిల్లలెవరన్న దగ్గరికొచ్చిన్రా?"

చెప్పాను. ఐదుగురు. ఆమె పేర్లు రాసుకుంది, రిజిస్టర్ వెనక పేజీలు తిప్పి ఒక్కో పేరు పక్కన పెన్నుతో టిక్కు పెట్టింది. "గీ నలుగురికి తట్టు టీకా పడ్డది. నలుగురికీ ఏం గాలె" అంది. పెన్ను ఐదో పేరు దగ్గర ఆగింది.

"చిన్నోనికి వెయ్యలేదా మరి?" అని నేనే అడిగాను. నాకు తెలియకుండానే నా గొంతులో ఐలవ్వ గొంతు వచ్చింది. సారలమ్మ వేయించి ఉండదు, ఆమె తప్పే అయి ఉండాలని.

"వానికి ఏడు నెలలే గదమ్మా. తొమ్మిది నెలలు నిండందే గా టీకా వెయ్యరు."

"మరి అందాక పసిపోరడు ఎట్ల బతకాలె సిస్టరమ్మా?"

"సుట్టు ఉన్నోల్లకు ఏసిన టీకాతోనే" అంది ఆమె. "పుట్టినప్పుడు కన్నతల్లి ఒంట్లకెంచి వచ్చిన బలం కొన్ని నెలలుంటది. అది తగ్గినంక, టీకా పడేదాక, నడుమ కొన్ని దినాలు పిల్లకు ఏ ఆసరా ఉండదు. అప్పుడు ఇరుగుపొరుగు పిల్లలందరికి టీకా పడి ఉంటే ఆ పురుగుకు నిలబడెతందుకు జాగ దొరకది. ఒగలకెంచి ఒగలకు పాకనీకి మనిషి దొరకకుంటె అదే సస్తది. పసిపోరని దాకనే రాదు." పెన్ను మూసి, "దీన్ని పట్టి సంపే మందు లేదమ్మా. వచ్చినంక విటమిన్ ఏ మందు తాగిపిచ్చుడు, నిమ్ము పట్టకముందే దవాఖానకు తోలుడు, అంతే మన చేతిల ఉన్నది. అది జల్ది జేస్తే శానమంది బతుకుతరు" అంది.

తర్వాత దీప కార్డు చూపించమంది. ఇనప్పెట్టెలో పట్టుచీర కింద రెండు కార్డులున్నాయి. రుత్విక్ కార్డులో అన్ని గడులూ నిండి ఉన్నాయి. దీప కార్డులో తట్టు టీకా గడి తెల్లగా ఉంది. సుసన్నమ్మ కార్డు మడిచి నా చేతికిచ్చింది. వేళ్లమీద రోజులు లెక్కపెట్టి చూసింది. మా ఇంట్లో పెరుగన్నం తిన్న రోజునుంచి చిన్నోడికి పొక్కులు వచ్చిన రోజు దాకా పధ్నాలుగు రోజులు. "ఇక్కడికెంచే పోయిందని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ దినాల లెక్క సరిపోతున్నది" అంది. లేస్తూ, చెప్పులు వేసుకుంటూ, గోడవైపు చూసింది. అవతల ఐలవ్వ మాటలు వినబడుతూనే ఉన్నాయి. "ఆ పిల్లకు ఎవరన్న చెప్పాలె, ఇది ఆమె జేసింది గాదని. నేను నిన్ననే చెప్పబోయిన. మీ దేవుడు వేరు, మా తల్లి సంగతి నీకేం ఎరుకని పంపేసిన్రు. మీ అసొంటోళ్లు చెప్తే ఇంటరేమో."

ఆమె పోయాక ఆ కార్డు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ గడి ఎందుకు తెల్లగా ఉందో నాకు గుర్తుంది. దీపకు తొమ్మిదో నెల నిండిన బుధవారం మా ఆయనకు నైట్ షిఫ్ట్ వారం. బాయి మనుషుల ఇళ్లలో నైట్ షిఫ్ట్ వారమంటే పగలంతా ఇల్లు చప్పుడు లేకుండా ఉండాలి. గిన్నె గిన్నెకు తగలకూడదు, పిల్లలు ఏడవకూడదు. "సూదేస్తె జరమొస్తది, రెండు దినాలు ఒర్రుతది. నిద్రలేక నేను దిగితె లోపల పైకప్పు సూసుకోవద్దా? నా పానం పోతె టీకా వస్తదా?" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. లోపల నిద్రమత్తులో ఉన్నవాళ్లు ఎలా తిరిగి వచ్చారో నేనూ చూశాను. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. కానీ అంతకు మూడేళ్ల ముందు రుత్విక్ టీకా రోజు కూడా నైట్ షిఫ్టే. ఆ రోజు ఆయన షిఫ్ట్ దిగి నిద్రపోకుండా, కొడుకును భుజాన వేసుకుని తనే వరసలో నిలబడ్డాడు. ఆ రాత్రి మళ్లీ డ్యూటీకి పోనేలేదు, లీవు పెట్టాడు. దీప వంతు వచ్చినప్పుడు మాత్రం, "ఆడివిల్లకు తొందరేముంది, వచ్చే వారం ఏపియ్యి" అన్నాడు. వచ్చే వారం అత్తకు మోకాళ్ల నొప్పులని దవాఖానలో రోజంతా కూర్చున్నాను. ఆపై వారం పుట్టువెంట్రుకలు తీయకముందు సూది వద్దంది అత్త. ఆపైన నేనే మరిచిపోయాను. ఇది కూడా చెప్పాలి. ఎవరూ అడ్డుపడని బుధవారాలు తర్వాత ఎన్నో వచ్చాయి. నీళ్లు పట్టడం, బియ్యం ఏరడం, ఆయన బొగ్గు బట్టలు నానబెట్టడం, వీటి మధ్య ఆ గడి నాకు గుర్తుకు రాలేదు.

ఆ సాయంత్రం ఆయనకు చెప్పాను. వింటూ వింటూ మొఖం నల్లబడింది. కాసేపు దీప వైపు చూశాడు. తర్వాత లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ముత్యం నా గ్యాంగులనే పని జేస్తడు. ఆడు లోపల నా ఎనకాల నిలబడుతడు. ఏమనుకుంటడు ఆడు? పోయిన పోరడు రాడు గదా. నోర్మూస్కొని ఉండు."

"సారలమ్మను సంపుతున్నరు మాటలతోని."

"నాలుగు దినాలయితే అన్ని సల్లబడుతయి."

అత్తకు కూడా వినిపించినట్టుంది. "తల్లిని పురుగంటదా ఆ చర్చి మనిషి? నువ్వు ఇంటవా?" అంది. నేను పూజ గూటి ముందు కూర్చున్నాను. అడిగాను. నువ్వే వచ్చావా తల్లీ, లేక సిస్టరమ్మ చెప్పినట్టు నా కొంగుమీద పాకివచ్చింది ఇంకేదైనానా? నువ్వే అయితే పోపు చప్పుడుకు కోపగించుకుని, ఏడు నెలల పిల్లవాడి ఊపిరి చప్పుడుకు కరగలేదా? మెల్లగా ఒకటి తోచింది. తల్లి అన్నది తల్లే అయితే, టీకా గడిని ఖాళీగా ఉంచమని ఆమె ఎప్పుడూ అనలేదు. మేము అన్నాము. దానికి ఆమె పేరు పెట్టాము.

తెలిసింది కదా, అయినా చెప్పలేదు. రోజూ పొద్దున సారలమ్మకు చాయ పట్టుకెళ్లి ఇచ్చి వచ్చేదాన్ని. ఉగాది వచ్చింది, పోయింది. మా ఇంట్లో పచ్చడి చేశాను, వాళ్లింట్లో లేదు. ఒకరోజు పంపు దగ్గర సారలమ్మ చిన్నోడి గుడ్డలు ఉతుకుతోంది. ఎవరికోసం ఉతుకుతోందో నేను అడగలేదు. తనే మెల్లగా అంది.

"అక్కా, మా అత్త అనేది నిజమే."

"ఏంది?"

"తల్లి ఉన్నప్పుడు నేను బయట చేరిన. రెండు దినాలు ఎవలకు చెప్పలె. చెప్తే ఎవలు వండాలె, మా అత్తకు నడుము నొప్పి, ఈయన డ్యూటీకి టిఫిన్ ఎవలు కట్టాలె అని. అట్లనే దీపం ముట్టిచ్చిన. అట్లనే వానికి పాలిచ్చిన." చేతిలో చిన్న లాగు పిండుతూనే ఉంది, నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. "నా పాలతోనే పోయిండక్కా వాడు."

నా నోటిదాకా వచ్చింది. కాదు పిల్లా, నీ పాలు కాదు, నా కొంగు. వచ్చి ఆగిపోయింది. ఆయన మొఖం, ముత్యం మొఖం, ఈ లైన్లో రేపు నా పిల్లల వైపు చూసే చూపులు, అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. "ఏడ్వకు" అన్నాను. అదొక్కటే అన్నాను. ఆమె తన పని ఎగ్గొట్టడానికి కాదు, పని ఆగకూడదని ఒంట్లో సంగతి దాచుకుంది. దాన్ని తన నేరమని నమ్ముతోంది. నేను మొఖం దాచుకోవడానికి నిజం దాచాను. దాన్ని నేను సంసారం కాపాడుకోవడం అని పిలుచుకుంటున్నాను.

ఆదివారం పక్కింటికి కులపెద్దలు ఇద్దరు, ముత్యం మేనమామ వచ్చారు. సంగతి లైనంతటికీ తెలుసు. తల్లి కోపగించిన మనిషిని ఇంట్లో ఉంచుకుంటే మళ్లీ పిల్లలు నిలబడరు, కాసిపేట తోలెయ్యాలి, ముత్యానికి మేనమామ బిడ్డను చేసుకోవాలి. సారలమ్మ నాన్న లేడు, అన్నకు కబురు పంపారు, అతను వచ్చి మూలన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గోడవతలనుంచి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. "తప్పు ఒప్పుకున్నదా?" అని ఒక పెద్ద. "ఒప్పుకున్నది, అందరి ముంగటనే" అని ఐలవ్వ.

నేను కాళ్లు కడుక్కున్నాను. నుదుటికి కుంకుమ పెట్టుకున్నాను. పెట్టెలోంచి దీప కార్డు తీశాను. మా ఆయన అప్పుడే భోజనానికి కూర్చున్నాడు. "యాడికి?" అన్నాడు.

"పక్కింటికి."

"కనకా, చెప్పిన గద నీకు."

"చెప్పినవు. ఇన్న." అని బయటికి నడిచాను. చెయ్యి కడుక్కోకుండానే ఆయన నా వెనకాలే వచ్చాడు.

వాళ్ల ముందరి గదిలో మగవాళ్లు చాప మీద కూర్చున్నారు. గుమ్మం పక్కన సారలమ్మ, కాళ్ల దగ్గర బట్టల సంచి. నేను లోపలికి అడుగుపెట్టగానే మేనమామ, "ఆడోళ్లకేం పని ఈడ?" అన్నాడు.

"ఈ పిల్ల జేసిన తప్పేం లేదు" అన్నాను. "తట్టు మా ఇంట్లకెంచి వచ్చింది ఈ ఇంటికి. మూడో దినం బువ్వకు నేనే వచ్చి అడిగిన. ఈ పిల్ల పంపనన్నది. అంటుకుంటదేమోనని భయపడ్డది. నేనే లెంపలేయించి వాన్ని ఎత్తుకపోయిన. దీప దగ్గుతుంటే వాన్ని పక్కన పెట్టుకొని తినిపిచ్చిన. ఇగో మా బిడ్డ టీకా కార్డు. ఈడ ఖాళీ ఉన్నది. ఇది నిండి ఉంటె వాడు బతికేటోడు కావచ్చు. తినడానికొచ్చిన మిగిలిన నలుగురికి టీకా పడ్డది, వాళ్లకేం గాలె. దీప మంచంలనే పండుకున్న మా రుత్విక్‌కు ఏం గాలె. మైలతోని పోతే వాళ్లు ఎట్ల ఉన్నరు?"

ఐలవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "తల్లి పేరు మీద గిట్ల మాట్లాడుతున్నవా? నోరు పడిపోతదే!"

"పడిపోతె పడిపోనియ్యి అవ్వా. తల్లికి నా మీద కోపమైతె నన్నడగనియ్యి. ఈ పిల్లను అడగద్దు."

పెద్దల్లో ఒకాయన, తెల్ల మీసాలాయన, కార్డు తీసుకుని తిప్పి చూశాడు. చదువు రాదనుకుంటాను, అయినా చాలాసేపు చూశాడు. "కొడుకుకు ఏపిచ్చి బిడ్డకెందుకు ఏపియ్యలేదమ్మా?" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడని తెలుసు. "ఆ వారం ఆయనకు నైట్ షిఫ్ట్. పిల్ల ఏడుస్తె నిద్ర పాడయితదన్నడు. అటెనక నేను మర్సిన" అన్నాను.

గదిలో ఉన్నవాళ్లు అందరూ బాయి మనుషులే. అందరి ఇళ్లలోనూ నైట్ షిఫ్ట్ వారాలున్నాయి. ముత్యం తల దించుకుని కూర్చున్నాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. తల ఎత్తకుండానే, "మామా, మీరు పొండ్రి" అన్నాడు. "అవ్వా, ఆ సంచి లోపల పెట్టు."

పెద్దలు ఒక్కొక్కరే లేచారు. మా ఆయన ఎప్పుడు వెళ్లిపోయాడో నేను చూడలేదు. నేను సారలమ్మ వైపు తిరిగాను. ఆమె ముఖంలో కొంచెమైనా తేలిక కనిపిస్తుందనుకున్నాను. నిజం చెప్పినందుకు నా చెయ్యి పట్టుకుంటుందని కూడా, సిగ్గులేకుండా, అనుకున్నాను. ఆమె నన్నే చూస్తోంది.

"నీకు ఎప్పటిసంది ఎరుక అక్కా?"

నిన్ననే అనవచ్చు. ఇందాకే సిస్టరమ్మ చెప్పి వెళ్లిందని అనవచ్చు. అని ఉంటే ఆ పిల్ల నమ్మేది.

"పదకొండు దినాలు" అన్నాను.

ఆమె పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకుంటున్నట్టు. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే మోయగలిగేదాన్ని.

"పదకొండు దినాలు పొద్దుగాల నాకు చాయ తెచ్చి తాగిపిచ్చినవు గదక్కా" అంది.